తుఫాను వెళ్లాక పాళెంలో సంఘం చేయాల్సిన పని: దొరువు దగ్గర్నుంచి పద్దు పుస్తకం దాకా

తుఫాను తీరం దాటిన మర్నాటికే ఒంగోలు, కావలి, నెల్లూరు చర్చి సంఘాల్లో హడావిడి మొదలవుతుంది. యూత్ పిల్లలు వాట్సాప్‌లో మెసేజీలు పెడతారు. చర్చి వరండాలో పాత బట్టల మూటలు గుట్టపడతాయి. ఎవరో ఒకరు టాటా ఏస్ మాట్లాడతారు. ఆ బండి మైపాడు వైపో, జువ్వలదిన్నె వైపో, పాకల వైపో పోయి, తారురోడ్డు ఎక్కడ ఆగిందో అక్కడే ఖాళీ అయి తిరిగొస్తుంది. రోడ్డు పక్క ఇంటికి మూడు దుప్పట్లు, బకింగ్‌హాం కాలవ కట్ట మీది యానాదుల (ఇక్కడి గిరిజనుల) గుడిసెకు ఒక్కటీ లేదు.

ఈ రాత అలాంటి ఒక్కపూట ప్రయాణాలకు కాదు. ఒక పాళెం (తీరంలోని జాలరి ఊరు) ఎంచుకుని, పది రోజుల నుంచి నెల దాకా అక్కడి మనుషుల మధ్య ఉండి పనిచేయాలనుకునే సంఘం కోసం. నూటయాభై, రెండు వందల గడపలున్న ఊరు ఒక్కటి చాలు. మూడు ఊళ్లు పట్టుకుంటే మూడూ సగంలో ఆగుతాయి.

సామాను కంటే ముందు ఇద్దరు మనుషులు

మొదట ఒక ఆడమనిషినీ ఒక మగమనిషినీ ఉత్త చేతులతో పంపండి. చేతిలో నోటుపుస్తకం, టేపు, ఖాళీ నీళ్ల సీసా రెండు చాలు. వాళ్లు కలవాల్సిన వరుసకు లెక్క ఉంది. ముందు గ్రామ సచివాలయం, వీఆర్వో. ప్రభుత్వం ఇప్పటికే ఏమిచ్చింది, ఏమివ్వబోతోంది అన్నది అక్కడే తెలుస్తుంది. తర్వాత ఊరి పెద్దలు. పట్టపోళ్ల (ఈ తీరం జాలరుల) పాళేల్లో పెద్దకాపుల (కుల పెద్దల) మాట దాటి ఏదీ జరగదు, వాళ్లు దురాయి (ఊరి కట్టడి) వేస్తే మీ బియ్యం ఎవరూ ముట్టరు. ఆ తర్వాత డ్వాక్రా గ్రూపు లీడర్లు. చివరగా ఆ ఊరి సంఘం పెద్ద.

మన సంఘం పెద్దను చివర ఎందుకు పెట్టాలంటే, ఆయన ఇంటి అరుగు మీద మొదట కూర్చుంటే ఆయన చెప్పే పేర్లే మీ జాబితా అయిపోతుంది. ఆయన చెడ్డవాడని కాదు. ఆయనకు తెలిసిన ఇళ్లు అవి. మీరు ఆ అరుగు మీద కూర్చోవడం ఊరంతా చూస్తుంది, ఇక మీరు ఎంత సమానంగా పంచినా నమ్మరు.

బృందం ఎనిమిది నుంచి పన్నెండు మంది. అందులో నర్సు లేదా ఏఎన్ఎం అనుభవం ఉన్నవాళ్లు ఒకరు, బోరింగు విప్పి బిగించగలిగినవాళ్లు ఒకరు, వందమందికి వండగలిగినవాళ్లు ఒకరు, లెక్క రాసేవాళ్లు ఒకరు ఉండి తీరాలి. కనీసం నలుగురు ఆడవాళ్లు. పాటలు బాగా పాడేవాళ్లు ఐదుగురు ఉండి బోరింగు తెలిసినవాడు లేకపోతే ఆ బృందాన్ని పంపకండి.

డబ్బు విషయం ఇక్కడే తేల్చుకోండి. విదేశంలో ఉన్న స్నేహితుల సంఘం డబ్బు పంపుతానంటే, మీ సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం కింద) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ సొమ్ము ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ప్రత్యేక ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తర్వాత రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ తీసుకుని ఇంకో సంస్థకు మళ్లించడం కూడా కుదరదు. ‘మా తమ్ముడి ఖాతాకు వేయించుకుందాం’ అన్నవాడి మాట వినకండి. ఊరి చందాలతో చిన్నగా చేయడమే క్షేమం.

మీ మరుగుదొడ్డి మొదటి పని

బడిలో దిగొద్దు. గుడిసెలు పోయినవాళ్లు అక్కడే ఉంటారు. చర్చి వసారాలోనో, ఊరి బయట పట్ట కట్టుకునో ఉండండి. మీ బియ్యం, మీ గ్యాసు, మీ నీళ్లు మీరే తెచ్చుకోవాలి. పన్నెండు మందికి తాగడానికీ వంటకూ రోజుకు 60 లీటర్లు, అంటే మూడు నీళ్ల టిన్నులు. ఊరి బోరింగు దగ్గర ఆడవాళ్లు గంటసేపు బిందెలు వరస పెట్టి నిలబడినప్పుడు మీ బకెట్టు ముందుకు తోస్తే ఎవరూ ఏమీ అనరు. ‘పట్నం నుంచి వచ్చినోళ్లు పాపం’ అని దారి ఇస్తారు. అక్కడే మీ పని చెడింది.

ఇక మరుగు. కరీబియన్ సముద్రంలోని హైతీ దేశంలో 2010 జనవరి భూకంపం తర్వాత ప్రపంచమంతా సాయానికి పరిగెత్తింది. అదే ఏడు అక్టోబరులో ఐక్యరాజ్యసమితి శాంతిదళాల శిబిరం ఒకదాని మలం వాగులో కలిసింది. అది ఆర్టిబోనైట్ నదిలోకి చేరి, అప్పటిదాకా కలరా ఎరగని పల్లెలను కలరా పట్టుకుంది. సుమారు పదివేల మంది పోయారు. తమ పాత్ర ఉందని సమితి ఒప్పుకోవడానికి 2016 దాకా పట్టింది. ఆదుకోవడానికి వచ్చినవాళ్ల దొడ్డి నుంచి పుట్టిన చావులవి.

కాబట్టి పట్ట కట్టకముందే గుంట. ఏ బావికైనా, దొరువుకైనా (ఇసుకలో తవ్విన నీటి గుంట) కనీసం 30 మీటర్ల దూరం, పల్లానికి. గుంట అడుగుకూ భూగర్భ నీటికీ మధ్య మీటరున్నర పొడి నేల ఉండాలని సూత్రం. తుఫాను తర్వాత తీరం ఇసుకలో రెండడుగులకే నీరు ఊరుతుంది కాబట్టి లోతు తవ్వే వీలుండదు. అలాంటి చోట సిమెంటు ఒరలు రెండు నేల మీదే ఒకదానిపై ఒకటి పెట్టి, కీళ్లకు సిమెంటు పూసి, అడుగు కాంక్రీటుతో మూసి, ఇసుక బస్తాలతో మెట్లు కట్టండి. వెళ్లిన ప్రతిసారీ రెండు చిప్పల బూడిదో పొడిమట్టో వేయాలి. చెయ్యి కడుక్కునే నీళ్లూ సబ్బూ గుంట పక్కనే ఉండాలి, పట్ట దగ్గర కాదు. దారిలో మరిచిపోతారు.

నీళ్లు

బియ్యం లేకపోతే పక్క ఊరి చుట్టాలు పెడతారు. నీళ్లు చెడితే ఊరంతా మంచమెక్కుతుంది. అందుకే మొదటి మూడు రోజులూ నీళ్లకే పెట్టండి. మనిషికి రోజుకు అన్ని అవసరాలకూ కలిపి 15 లీటర్లు అందాలి. ఒక చేతిబోరు మీద 500 మంది కంటే ఎక్కువ ఆధారపడితే రాత్రిళ్లు కూడా వరస ఉంటుంది.

తీరంలో నీటి చోట్లు మూడు రకాలు: ఒరల బావి, దొరువు, చేతిబోరు. ఒక్కోదానికి వైద్యం వేరు.

ఒరల బావి ముందు. బావి వెడల్పు, నీటి లోతు మీటర్లలో కొలవండి. లోతుకు తాడుకు రాయి కట్టి వదిలితే చాలు, తడిసినంత మేర కొలుచుకోవచ్చు. వెడల్పును వెడల్పుతోనే గుణించి, దాన్ని నీటి లోతుతో, మళ్లీ 3.14తో గుణించి, 4తో భాగించండి. వచ్చింది ఘనపు మీటర్లు. వెయ్యితో గుణిస్తే లీటర్లు. ఒక మీటరు వెడల్పు ఒరలో మూడు మీటర్ల నీరుంటే దాదాపు 2,350 లీటర్లు. మూడు మీటర్ల వెడల్పు పాత రాతిబావిలో నాలుగు మీటర్ల నీరుంటే 28,000 పైచిలుకు.

వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు మామూలు మోతాదు. చిన్న ఒరకు 6 గ్రాములు, రాతిబావికి 70. వరద నీరు దిగిన బావికి ఇది చాలదు. వేసిన క్లోరినులో సగం పైన మురికే తాగేస్తుంది. ముందు బావిలో పడ్డ చెత్త, చచ్చిన కప్పలు తీసి, మట్టి కలిసిన నీరు తోడి పారబోసి, కొత్త నీరు ఊరాక రెండింతల మోతాదుతో మొదలుపెట్టండి.

పౌడరును ఉత్తగా బావిలో చల్లడం అందరూ చేసే తప్పు. సున్నంలాంటి తెల్ల మడ్డి అడుక్కుపోతుంది, నీటి కఠినత్వం పెరుగుతుంది, మందు కలవదు. ప్లాస్టిక్ బకెట్టులో (ఇనుప బకెట్టు వద్దు) 100 గ్రాములకు మించకుండా పౌడరు వేసి, కొద్ది నీళ్లతో దోసెపిండిలా జారుగా కలపాలి. ముప్పావు బకెట్టు దాకా నీళ్లు పోసి బాగా తిప్పి, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. మడ్డి అడుక్కు దిగాక పై తేట మాత్రం ఇంకో బకెట్టులోకి వంచి, ఆ బకెట్టును తాడుతో బావి నీటి లోపలికి ముంచి, పైకీ కిందికీ, అటూ ఇటూ ఊపాలి. బిందె ముంచేటప్పుడు బుడుంగుమన్నట్టు చప్పుడు రావాలి. మడ్డిని బావి గట్టున పోయకుండా దూరంగా గుంట తీసి పూడ్చండి.

సాయంత్రం ఆడవాళ్లు నీళ్లు పట్టుకెళ్లాక, చీకటి పడే ముందు ఈ పని చేస్తే రాత్రంతా మందు పనిచేస్తుంది. కనీసం గంట ఆగాలి. తర్వాత క్లోరోస్కోపు (నీటిలో మిగిలిన క్లోరిన్ చూపే పెట్టె) సీసాలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తేలాలి. పట్టీతో పోల్చి లీటరుకు 0.5 మిల్లీగ్రాములు చూపిస్తే చాలు. రంగే రాలేదంటే మురికి తినేసిందని, మళ్లీ వేయాలి. నారింజ రంగుకు తిరిగిందంటే ఎక్కువైందని, పొద్దున కొన్ని బకెట్లు తోడి పారబోయాలి. క్లోరోస్కోపు పంచాయతీ వాళ్ల దగ్గర ఉంటుంది, అడగండి.

బ్లీచింగ్ పౌడరు కొనేటప్పుడు సంచి విప్పి ముక్కు దగ్గర పెట్టండి. ఘాటు లేకపోయినా, చెమ్మకు గడ్డకట్టినా అది చచ్చిన పౌడరు. నెల్లూరు ఎండకు గోడౌన్లో ఉన్న సంచి నెలల్లోనే సత్తువ పోగొట్టుకుంటుంది. కొన్నదాన్ని మూత గట్టిగా ఉండే డబ్బాలో, నీడన పెట్టండి. బాత్రూము కడిగే యాసిడుతో ఎప్పుడూ కలపొద్దు. విషపు గాలి పుడుతుంది.

ఇక దొరువు. ఇసుక దిబ్బల మధ్య తవ్విన లోతులేని గుంట. ఇక్కడి భూమిలో ఉప్పునీటి మీద మంచినీరు పాల మీద మీగడలా తేలి ఉంటుంది. దొరువు ఆ మీగడను తోడుకునే ఉపాయం. సముద్రం పొంగి దొరువులోకి ఉప్పునీరు ఎక్కితే వెంటనే డీజిలు ఇంజను పెట్టి ఊడ్చేద్దామని కుర్రాళ్లకు ఉత్సాహం వస్తుంది. ఆపండి. గట్టిగా గుంజేకొద్దీ మీగడ పోయి కింద ఉప్పు పైకొస్తుంది. చేత్తో ఒక్కసారి నెమ్మదిగా తోడి, చెత్త, నాచు తీసి, గట్టు చుట్టూ ఇసుక కట్ట వేసి, వాన నీటికి వదిలేయండి. నోటికి ఉప్పగా ఉన్నన్నాళ్లు ఆ నీరు స్నానానికీ గిన్నెలకూ. తాగడానికి ట్యాంకరు. పైన మూత లేని దొరువులో వేసిన క్లోరినును ఎండ లాగేస్తుంది కాబట్టి దొరువు నీటికి మందు బిందెలోనే వేయడం మేలు. క్లోరిన్ బిళ్లలు ఇస్తే అట్ట మీద రాసి ఉన్న లీటర్లకే ఒకటి. బిందె కొలత తెలియక రెండేస్తారు, వాసనకు ఆ నీళ్లు తాగడం మానేస్తారు. ముందు ఆ ఊరి బిందెలో ఎన్ని లీటర్లు పడతాయో కొలిచి చూపించండి.

ట్యాంకరు వస్తే అది ఊళ్లోకి వచ్చాక మందు కలపొద్దు. నింపే చోటే, సగం నిండగానే కలిపిన తేట పోయించండి. దారి గతుకులే దాన్ని కలుపుతాయి. 5,000 లీటర్ల ట్యాంకరుకు 15 నుంచి 20 గ్రాముల పౌడరు తేట సరిపోతుంది.

చేతిబోరు వరదలో మునిగితే, పైపు లోపలి నీరు కూడా చెడిందనే అనుకోవాలి. నాలుగంగుళాల బోరులో మీటరు లోతుకు దాదాపు 8 లీటర్ల నీరు ఉంటుంది. 40 మీటర్ల నీటికి 320 లీటర్లు. దానికి 100 గ్రాముల పౌడరు తేట పోసి, బయటికి పడే నీటిలో క్లోరిన్ వాసన వచ్చేదాకా కొట్టి ఆపి, హ్యాండిలుకు గుడ్డ కట్టి రాత్రంతా వదిలేయాలి. పొద్దున వాసన పోయేదాకా కొట్టి పారబోయాలి. ఎన్ని బిందెలు పారబోయాలో ముందే ఊళ్లో చెప్పండి, లేకపోతే నీళ్లు దండగ చేస్తున్నారని గొడవ.

బోరింగు పాడైందన్నప్పుడు పైన చూసి సగం తెలుసుకోవచ్చు. హ్యాండిలు బరువు లేకుండా ఊగిపోతుంటే లోపల రాడ్డు ఊడింది లేదా చెయిను తెగింది. ఇరవై ముప్పై సార్లు కొట్టాక గానీ నీరు రాకుండా, ఆ తర్వాత బాగా వస్తుంటే కింది వాల్వు కారుతోంది లేదా పైపు కీలులో సందు ఉంది. మామూలుగానే వచ్చి ధార సన్నబడితే సిలిండరులో వాషర్లు అరిగాయి. వాషర్లు, చెయిను, గ్రీజు, నట్లు ఒక సంచిలో ముందే తీసుకెళ్లండి. మారుమూల ఊళ్లో బోరింగు ఆరు నెలలు మూలపడటానికి చాలాసార్లు ఒక్క వాషరే కారణం.

ఒక హెచ్చరిక. ఈ నీళ్ల చదువంతా తీరానికే. కనిగిరి, పొదిలి, మర్రిపూడి వైపు పడమటి మెట్ట ఊళ్లలో బోరు నీటి జబ్బు ఫ్లోరైడు. అక్కడ ‘కాచి తాగండి’ అని చెప్పకండి. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరును క్లోరిన్ వేసి మంచిదనిపించడం కంటే, వంటకూ తాగడానికీ వేరే నీరు చూడటం ఒక్కటే దారి.

జాబితా, బియ్యం, బస్తా

ఇళ్ల జాబితా రేషను కార్డులు చూసి రాయకండి. కాలవ కట్ట మీద, రొయ్యల చెరువుల కాపలా గుడిసెల్లో ఉండే యానాదుల్లో కార్డు లేనివాళ్లు, ఆధారు లేనివాళ్లు కనిపిస్తారు. కార్డు అడిగిన రోజే వాళ్లు తప్పుకుంటారు. గడప గడపకూ నడిచి, పొయ్యి లెక్క పెట్టండి. ఒక కప్పు కింద రెండు పొయ్యిలుంటే రెండు ఇళ్లు. వేటకాలంలో తెల్లవారుజామునే మగవాళ్లు సముద్రం మీదికి పోతారు, పడవలు వచ్చాక ఆడవాళ్లు చేపల గంపలతో సంతకు పోతారు. జాబితా పని సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య. రాసిన పేర్లు మర్నాడు రామాలయం దగ్గరో, గంగమ్మ గుడి దగ్గరో, చర్చి దగ్గరో అందరిముందూ బిగ్గరగా చదివి వినిపించండి. తప్పిపోయిన ఇల్లు అక్కడే బయటపడుతుంది. రెండుసార్లు రాయించుకున్న ఇల్లు కూడా.

మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం, 60 గ్రాముల కందిపప్పు, 25 గ్రాముల నూనె, 40 గ్రాముల వేరుశనగ గుళ్లు, 15 గ్రాముల బెల్లం, 5 గ్రాముల ఉప్పు. ఇది దాదాపు 2,100 కేలరీలు. ఐదుగురున్న ఇంటికి 13 రోజులకు సరిగ్గా 26 కిలోల బియ్యం. మిల్లుల్లో ఇప్పుడు ఎక్కువగా దొరికేది 26 కిలోల బస్తానే కాబట్టి విప్పి తూచే పని తప్పుతుంది. దాంతోపాటు 4 కిలోల పప్పు, 2 లీటర్ల నూనె, రెండున్నర కిలోల గుళ్లు, కిలో బెల్లం, ఉప్పు ప్యాకెట్టు. పసుపు, కారం, చింతపండు మరిచిపోతే ఆ పప్పు తినేదెట్లా? అగ్గిపెట్టె కూడా.

బియ్యం ఆ మండలంలోని మిల్లులోనే కొనండి. దూరం నుంచి చవగ్గా వచ్చే ఉప్పుడు బియ్యం ఇక్కడ తినరు, కోళ్లకు పోతుంది. ఇంకో కారణం పెద్దది. హైతీలో 1990లలో బియ్యం మీద దిగుమతి సుంకం 3 శాతానికి దించేశాక చవక అమెరికా బియ్యం ముంచెత్తి, ఆర్టిబోనైట్ లోయలో వరి పండించే రైతు నిలవలేకపోయాడు. ఆ విధానం తప్పని 2010లో ఆనాటి అమెరికా అధ్యక్షుడు క్లింటనే ఒప్పుకున్నాడు. మన లారీ ఆ స్థాయిది కాదు, నిజమే. అయినా ఇందుకూరుపేట మిల్లరుకో, ఊరి చిల్లరకొట్టు అక్కకో వెళ్లాల్సిన వ్యాపారాన్ని ఉచిత బస్తాతో నెలంతా ఆపితే, తుఫాను ముంచని కొట్టును మనం ముంచినట్టే. పప్పు, నూనె, కారం ఆ కొట్టు నుంచే తెప్పించండి. నాలుగు రూపాయలు ఎక్కువైతే కానివ్వండి.

పంచేటప్పుడు లారీ మీద నిలబడి విసరడం నేరమే అనుకోండి. ముందురోజు టోకెన్లు ఇవ్వండి, ఇంటి ఆడమనిషి పేరున. ఒక బల్ల దగ్గర గంటకు నలభై ఇళ్లకు మించి సాగదు. 160 ఇళ్లకు రెండు బల్లలు, రెండు గంటలు. ముసలివాళ్లు, గర్భిణులు, కాళ్లు లేనివాళ్ల బస్తా వాళ్ల గడప దగ్గరికే చేర్చాలి. కాటా ఒకటి పెట్టి, అనుమానం ఉన్నవాళ్లను తూచుకోమనండి. ఇద్దరు తూచుకుంటే మిగతా నూరుమంది నమ్ముతారు.

వండి పెట్టాల్సి వస్తే మొదటి రెండు రోజులే. పులిహోర సాయంత్రం దాకా ఆగుతుంది, సాంబారన్నం మధ్యాహ్నానికే పులుస్తుంది. వందమందికి 10 కిలోల బియ్యం, కిలో చింతపండు, లీటరున్నర నూనె. వేడన్నాన్ని కవర్లో పెట్టి ముడేస్తే చెమట పట్టి చెడుతుంది. పరిచి ఆరనిచ్చి ఆకులో కట్టండి.

పాత బట్టలు వద్దే వద్దు. చిరిగిన ప్యాంట్లు, ఒంటి బూట్లు, పట్టుచీర ముక్కలు ఏరి పారబోయడానికి ఇద్దరి కూలి పోతుంది. కొత్త నైటీ, లంగా, లుంగీ, తువ్వాలు, దుప్పటి, శానిటరీ ప్యాడ్లు, ఒక టార్చిలైటు. ఇవి చాలు.

కూలి ఇచ్చి చేయించేది, చేతులు కలిపి చేసేది

1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలిగొన్నవాళ్లకు ఆ పని ఇచ్చి కూలి కట్టించాడు. గంజి కేంద్రం పెట్టలేక కాదు. కూలి తీసుకున్నవాడు తన బియ్యం తాను కొనుక్కుంటాడు. ఈ తీరంలో నడిచిన పద్ధతే కాబట్టి మనకు కొత్త కాదు.

రెండో వారం నుంచి ఉచిత పంపకం తగ్గించి కూలి పెట్టండి. దొరువుల పూడిక తీయడం, పడిపోయిన సరుగుడు చెట్లు కోసి గుంజలుగా చీల్చడం, తాటాకు కొట్టడం, బడి దారికి మట్టి పోయడం. కూలి ఊళ్లో నడిచే రేటే ఇవ్వండి, పైసా ఎక్కువొద్దు. నాట్ల రోజుల్లో మీరు ఎక్కువిస్తే రైతుకు మనిషి దొరకడు. ఆ కోపం మీ మీద కాదు, మీరు వెళ్లాక ఆ కూలివాళ్ల మీద పడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పాళెంలో చేతిలో డబ్బు ఆడని కాలం అది. సంఘం దగ్గర కూలి సొమ్ము కొంత మిగిలితే అప్పటికి దాచడం తెలివి.

గుడిసె మాత్రం కూలి పని కాదు. చుట్టాలూ ఇరుగుపొరుగూ కలిసి కప్పుకుంటారు. హైతీ పల్లెల్లో దీన్నే కొంబిట్ అంటారట, ఒకరి పొలానికి అందరూ వెళ్లి, పని అయ్యాక ఆ ఇంట్లో తినడం. మన దగ్గర బదులు పని. అక్కడ డబ్బు పెడితే రేపటి నుంచి బదులు పని పోతుంది. మీరు గుంజలు, తాడు, బరకం ఇచ్చి, వాళ్లలో ఒకరై ఆకు అందించండి.

బరకం కట్టడంలో ఒక్క మాట. మూలన ఉన్న ఇత్తడి కన్నానికే తాడు కడితే మొదటి గాలికే చినుగుతుంది. మూలలో నిమ్మకాయంత గులకరాయి పెట్టి, బరకంతో దాన్ని చుట్టి మెడ దగ్గర తాడు బిగించండి. గాలి ఎంత లాగితే ముడి అంత బిగుస్తుంది.

ఒంట్లో బాగోలేనప్పుడు

విరేచనాలకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం సరిగ్గా లీటరు మంచి నీళ్లలో. సగం ప్యాకెట్టు, గ్లాసు నీళ్లు అన్న లెక్క ప్రమాదం. కలిపింది 24 గంటల్లో తాగకపోతే పారబోయాలి. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీటికి తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింకు 20 మిల్లీగ్రాముల బిళ్ల రోజుకొకటి 14 రోజులు, విరేచనాలు తగ్గినా ఆపకూడదు. కళ్లు లోపలికి పోయినా, బిడ్డ తాగలేకపోతున్నా, నెత్తురు పడినా పీహెచ్‌సీకి పంపాలి, మీ మందుల పెట్టె మూసేయాలి.

వరద తర్వాత పాములు కట్టెల మోపుల్లో, కూలిన గోడల్లో ఉంటాయి. కరిస్తే తాడు బిగించి కట్టొద్దు, కొయ్యొద్దు. కరిచిన కాలు కదలకుండా కర్ర కట్టి, 108కు ఫోన్ చేసి విరుగుడు ఇంజక్షను ఉన్న ఆస్పత్రికి. ఏ ఆస్పత్రిలో ఉందో మొదటిరోజే కనుక్కుని గోడ మీద రాసి పెట్టండి.

ప్రార్థన, మాట, ఫొటో

సాయం దగ్గర ప్రార్థన కూడిక పెట్టొద్దు. బల్ల మీద కరపత్రం పెట్టొద్దు. క్లఫ్ కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు. కరువు తీరాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. బియ్యం కోసం వచ్చారన్న మాట పడకూడదన్న పట్టుదల అది. మీ కూడిక మీ పట్ట కింద, రాత్రి భోజనాలయ్యాక, మైకు లేకుండా. ఎవరైనా వచ్చి కూర్చుంటే కూర్చోనివ్వండి. గంగమ్మ జాతర రోజున పంపకం పెట్టకండి.

పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవకండి. ఆడవాళ్లు అక్కా, పెద్దమ్మా, మగవాళ్లు అన్నా, పెద్దాయనా. వాళ్లు మిమ్మల్ని అయ్యగారనీ సారనీ పిలుస్తారు. ఆపడం మీ వల్ల కాదు గానీ, కుర్చీ వేస్తే మంచం అంచున కూర్చోవచ్చు. నెత్తళ్ల పులుసు పెడితే తినండి, కాదనడం పెద్ద తప్పు.

‘చూద్దాం’ అనొద్దు. పట్నంలో ఆ మాటకు కాదని అర్థం. పాళెంలో ‘సారు చూస్తానన్నాడు’ అంటే వచ్చే ఏడు దాకా ఎదురుచూస్తారు. పడవ ఇంజను అడిగితే ‘పెద్దాయనా, అది మా వల్ల కాదు’ అని ఆ నిమిషమే చెప్పాలి. నొచ్చుకుంటారు, అరగంటలో మరిచిపోతారు.

బస్తా అందుకునే చేతికి ఫొటో తీయొద్దు. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న మాట మనకు కొత్తదా? చందా ఇచ్చినవాళ్లకు చూపించాలంటే శుభ్రం చేసిన దొరువు ఫొటో పంపండి.

పద్దు

మూడు పుస్తకాలు చాలు: డబ్బు జమాఖర్చు, సరుకు నిల్వ, కూలి మస్టరు. ప్రతి రాత్రీ దీపం ఆర్పేముందు మూడూ మూయాలి. బిల్లు లేని ఖర్చుకు ఓచరు, వేలిముద్ర, పక్కన ఇద్దరి సాక్షి సంతకం. ఒకరికి ఒకేరోజు పదివేలు దాటే చెల్లింపు నగదుగా చేస్తే ఆదాయపు పన్ను లెక్కలో చిక్కు వస్తుంది, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. వారానికోసారి ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది అని ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి సచివాలయం గోడకు అంటించండి. ఊళ్లో చదువుకున్న కుర్రాడు తప్పు పట్టుకుంటే దిద్దుకోండి, వాదించొద్దు.

వెళ్లేముందు ఇద్దరు ఆడవాళ్లకు బావి కొలవడం, పౌడరు కలపడం, క్లోరోస్కోపు చూడటం చేతితో చేయించి నేర్పండి. ఒక్కరికే నేర్పితే ఆమె పుట్టింటికి పోయిన వారం బావికి మందు ఉండదు. బోరింగు సంచి, పౌడరు డబ్బా ఎవరి ఇంట్లో ఉంటాయో పెద్దల ముందు చెప్పి అప్పగించండి. డబ్బా మీద వారానికి ఎంత వేయాలో గీత గీసి రాయండి, చదవలేనివాళ్లకు గరిటె కొలతతో.

నెల తర్వాత ఒకసారి, మూడు నెలలకు ఇంకోసారి ఎవరికీ చెప్పకుండా వెళ్లండి. ‘బావికి మందేస్తున్నారా?’ అని అడిగితే వేస్తున్నామనే అంటారు, మర్యాదకు. అడగకుండా డబ్బా మూత తీసి చూడండి. పౌడరు గీత ఎక్కడుందో అదే జవాబు. దిగకపోతే, మందు వేసే ఆడవాళ్లకు బావి దగ్గర ఎవరు అడ్డం చెప్పారో కూర్చుని నిదానంగా కనుక్కోండి.